మోరిస్ కుర్చీ వెనకున్న వడ్రంగి

న్యూజెర్సీలో పాత ఫర్నిచర్ బాగుచేసే షాపులో పనిచేస్తున్నాను. ఇక్కడికొచ్చే సామానులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మోరిస్ కుర్చీ. వీపు వెనక్కి వాలే చేతుల కుర్చీ అది. స్ప్రింగుల్లేవు, మోటారు లేదు. వీపు చట్రం వెనక అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, అది ఆనడానికి చేతుల చివర గాళ్లుంటాయి. కడ్డీని ఒక గాడి వెనక్కి జరిపితే ఇంకాస్త వాలుతుంది, అంతే.

ఇంగ్లండులోని ససెక్స్‌లో ఎఫ్రయిమ్ కోల్మన్ అనే ముసలి వడ్రంగి దగ్గర ఇలాంటి కుర్చీ ఉండేది. ఇంగ్లిష్ డిజైనర్ విలియం మోరిస్ ఫర్నిచర్ కంపెనీలో మేనేజరు వారింగ్టన్ టేలర్ 1866లో దాని బొమ్మ గీసి, ఆ కంపెనీకి డిజైన్లు చేసే ఫిలిప్ వెబ్‌కి పంపాడు. వెబ్ దాన్ని మెరుగుపరిచాడు. పేరు మాత్రం మోరిస్‌దే నిలిచింది. వడ్రంగుల ఇంట్లో పుట్టినవాణ్ణి కదా, నాకు అది మనసులో కలుక్కుమంటుంది. అందుకే కుర్చీ తెచ్చిన ప్రతి కస్టమర్‌కీ కోల్మన్ పేరు చెబుతాను.

అమెరికాలో దీనికి కొత్త రూపం ఇచ్చినవాడు ఫర్నిచర్ తయారీదారు గుస్తావ్ స్టిక్లీ. చేతులు వెడల్పు చేసి, కింద నిలువు పలకలు వేసి, అంతా ఓక్ కొయ్యతో చేయించాడు. అతుకులు దాచలేదు. కొయ్య చివర సన్నగా చెక్కి, రెండో కొయ్యలో తొలిచిన రంధ్రంలోంచి అవతలికి కనిపించేలా దిగ్గొట్టారు. ఆ అతుకును నాన్నకి వీడియో కాల్‌లో చూపిస్తే, "చీలలు ఏ కొయ్యవిరా?" అని అడిగి చాలాసేపు మాట్లాడారు.

స్టిక్లీ కుర్చీల గోధుమరంగు పైపూత కాదు. ఓక్ కొయ్యలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థానికి అమ్మోనియా ఆవిరి తగిలి వచ్చిన రంగు. దాన్ని గీకేసి తళతళలాడేలా చేయమని కొందరు అడుగుతారు. వాళ్లకి నచ్చజెప్పడానికి ఎంతసేపైనా నిలబడతాను.

1920ల చివర్లో మిషిగన్‌లోని మన్రోలో మొదలైన లేజీబాయ్ వాలు కుర్చీ కూడా ఈ వరసలోదే అంటాను. మొదట అదీ చెక్క పలకల వరండా కుర్చీయే.

న్యూజెర్సీలో మనవాళ్లు ఎంతోమంది ఉండే పార్సిపనీలోనే స్టిక్లీ ఇల్లు మ్యూజియంగా ఉంది, వెళ్లి చూడండి. ఎస్టేట్ సేల్‌లో, అంటే ఒక ఇంట్లోని పాత సామాను అమ్మేచోట, ఇలాంటి కుర్చీ కనిపిస్తే ముందు అతుకులు కదులుతున్నాయేమో చూడండి. కడ్డీ పోతే కొత్తది చేయొచ్చు. పాత రంగు మాత్రం గీకించకండి.