డేటా సెంటర్‌కి పక్క ఊరు ఏది?

విశాఖలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించాక, డేటా సెంటర్లూ పల్లెలూ అన్న అంశం మన విద్యార్థులకి ఇంటి విషయమైపోయింది. దీని మీద పీహెచ్‌డీ చెయ్యాలనుకుంటూ బెంగళూరులో ఉన్నవాళ్ళకి దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపురం, చిక్కబళ్ళాపురం వైపు ఫీల్డ్ దగ్గరే. ఆ వైపు ఎన్నో ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు, కాగితాలు మాత్రం కన్నడంలో ఉంటాయి. ఈ రాత వాళ్ళ కోసం.

సినాప్సిస్‌లో, అంటే పరిశోధన ప్రతిపాదనలో, మొదటి తప్పు అధ్యయన ప్రాంతం దగ్గరే జరుగుతుంది. మ్యాపులో ప్రహరీ గోడ చుట్టూ ఐదు కిలోమీటర్ల గీత గీసి, అందులో పడిన మూడు ఊళ్ళకి ‘ప్రభావిత గ్రామాలు’ అని పేరు పెట్టేస్తారు. సిమెంటు ఫ్యాక్టరీకి ఆ పద్ధతి కొంత నప్పుతుంది, దుమ్ము చుట్టూ పడుతుంది కనుక. డేటా సెంటర్‌కి నీళ్ళు ఒక దిక్కు నుంచి వస్తాయి, కరెంటు ఇంకో దిక్కు నుంచి. ఇరవై కిలోమీటర్ల అవతల లైను టవరు పడిన చేను కూడా దానికి పక్క ఊరే. గోడని ఆనుకున్న ఊరికి దానితో లావాదేవీ ఏమీ లేకపోనూవచ్చు. నీళ్ళు, తీగ, భూమి వచ్చిన దారి పట్టుకుని వెళ్ళి ఊళ్ళని ఎంచుకోవాలి.

నీళ్ళ విషయంలో ముందు తేల్చుకోవలసింది కంప్యూటర్లని చల్లబరిచేవి నీటిని ఆవిరి చేసే కూలింగ్ టవర్లా, గాలితో పనిచేసే ఎయిర్ కూల్డ్ చిల్లర్లా అన్నది. అది తెలుసుకోకుండా ‘కోట్ల లీటర్లు తాగేస్తోంది’ అని రాస్తే వైవాలో నిలబడదు. కూలింగ్ టవరైతే లెక్క మనమే కట్టుకోవచ్చు. ఒక యూనిట్ కరెంటు పుట్టించే వేడిని వదిలించుకోవడానికి దాదాపు ఒకటిన్నర లీటర్ల నీరు ఆవిరవ్వాలి. 10 మెగావాట్ల లోడు రోజంతా నడిస్తే 2,40,000 యూనిట్లు, అంటే 3.6 లక్షల లీటర్లు ఆవిరి. ఆవిరి పోయినా ఉప్పు పోదు, మిగిలిన నీళ్ళలో పేరుకుంటుంది. అందుకని కొంత నీటిని ఎప్పటికప్పుడు బయటికి వదిలేస్తారు, దాన్ని బ్లోడౌన్ అంటారు. ఉప్పు నాలుగు రెట్లయ్యేదాకా అదే నీటిని తిప్పితే బ్లోడౌన్ ఆవిరిలో మూడో వంతు, 1.2 లక్షల లీటర్లు. మొత్తం రోజుకి 4.8 లక్షల లీటర్లు, 12,000 లీటర్ల ట్యాంకర్లు నలభై. బోరు నీళ్ళలో ఉప్పు ముందే ఎక్కువుంటే నాలుగు రెట్లదాకా తిప్పడం కుదరదు, వాడకం ఇంకా పెరుగుతుంది. ఎయిర్ కూల్డ్ చిల్లర్లకి ఈ నీళ్ళతో పనిలేదు. వాటికి కరెంటు ఎక్కువ కావాలి, ఫ్యాన్ల హోరూ ఎక్కువే.

‘శుద్ధి చేసిన మురుగునీరే వాడతాం, ఊరి నీళ్ళు ముట్టుకోం’ అన్న మాట కూడా వింటారు. ఆ నీరు ఇప్పటికే ఎవరికి వెళ్తోందో చూడాలి. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కె.సి. వ్యాలీ పథకంలో కోలారు చెరువులకీ, హెచ్.ఎన్. వ్యాలీ పథకంలో చిక్కబళ్ళాపురం వైపు చెరువులకీ ఎత్తిపోస్తున్నారు. చెరువులో నీళ్ళుంటే దాని కింద బోర్లు బతుకుతాయి. అదే నీరు పరిశ్రమకి మళ్ళితే ఏ చెరువు వాటా తగ్గుతుందో, ఆ చెరువు కింద ఊరే మీ అధ్యయన గ్రామం, ముప్ఫై కిలోమీటర్ల దూరమైనా సరే. ఈ ప్రశ్న వేసిన సినాప్సిస్ చాలా అరుదు. నా దృష్టిలో మొత్తం అంశంలో అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇదే.

తీగ సంగతి. హైటెన్షన్ లైను వెళ్ళే భూమిని సేకరించరు, అది రైతు పేరు మీదే ఉంటుంది, పరిహారం మాత్రం ఇస్తారు. టవరు కాళ్ళు పడిన జాగాకి భూమి విలువలో 200 శాతం, తీగల కింది పట్టీకి 30 శాతం అని 2024 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఏ విలువ మీద లెక్కగట్టారు, చేతికి ఎంత అందింది అన్నవి రైతు దగ్గరున్న కాగితం చూసే రాయండి. తీగల కింద మల్బరీ పొదలు ఉండనిస్తారు, ఎత్తు పెరిగే నీలగిరి చెట్లు కొట్టేస్తారు. కాబట్టి నష్టం ఊరిని బట్టి కాక పంటని బట్టి మారుతుంది.

ఇక భూమి. ఇక్కడే చాలామంది లేని కాగితం కోసం ఏడాది పోగొట్టుకుంటారు. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా ఉంది, ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం మంది అంగీకారం కావాలని ఉంది. అయితే కర్ణాటకలో పారిశ్రామిక వాడలకి భూమి తీసుకునేది కేఐఏడీబీ (కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి మండలి), 1966 నాటి చట్టం కింద. వరస ఇదీ: సెక్షన్ 28(1) ప్రాథమిక నోటిఫికేషన్, 28(2) నోటీసు, అభ్యంతరాలకి 30 రోజులు, 28(3) విచారణ, 28(4) తుది నోటిఫికేషన్. ఒప్పందంతో ధర కుదిరితే 29(2). ఈ దారిలో సామాజిక ప్రభావ నివేదిక అనేదే పుట్టదు. పర్యావరణ అనుమతి వైపు వెళ్ళినా అంతే. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లో డేటా సెంటర్‌కి వేరే పద్దు లేదు, 20,000 చదరపు మీటర్లు దాటిన భవనంగా ఎనిమిదో అంశం కిందికి వస్తుంది, ఆ అంశానికి ప్రజాభిప్రాయ సేకరణ మినహాయించారు. 28(3) విచారణ తప్పితే ఊరి మాట అధికారికంగా నమోదయ్యే చోటు ఎక్కడా లేదన్నమాట. దేవనహళ్ళి దగ్గర చన్నరాయపట్న హోబళిలో (కొన్ని ఊళ్ళు కలిసిన రెవెన్యూ విభాగం) ఏరోస్పేస్ పార్కుకని తలపెట్టిన 1,777 ఎకరాల సేకరణని 2025 జులైలో ప్రభుత్వం విరమించుకుంది. మూడేళ్ళకి పైగా రైతులు పోరాటం చేశాక వచ్చిన నిర్ణయం అది. 28(3) విచారణల్లో ఎవరేం చెప్పారో ఆ ఫైళ్ళు సంపాదించడం మీ థీసిస్‌కి వెన్నెముక.

వాటికి ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు తప్పదు. కర్ణాటకలో దరఖాస్తు 150 మాటలు దాటకూడదు, ఒక దరఖాస్తుకి ఒకే విషయం. అందుకని ముక్కలు చేసి వేయండి. కాపీలు అడిగే ముందు ఫైలు తనిఖీ అడగడం మేలు, ఏ పేజీ కావాలో తెలుస్తుంది. వాణిజ్య రహస్యమని ఆ చట్టంలోని సెక్షన్ 8(1)(డి) చూపించి తిరస్కరిస్తే, సెక్షన్ 10 కింద ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వమని అప్పీలు చేయండి. పర్యావరణ అనుమతుల పరివేష్ వెబ్‌సైటులో కంపెనీ దరఖాస్తు దొరికితే అందులో నీటి లెక్క పట్టిక, జనరేటర్ల సంఖ్య చూడండి.

ఆర్‌టీసీ, అంటే పహణి (కర్ణాటకలో భూమి హక్కు, సాగు వివరాల పత్రం), చదివేటప్పుడు మన తెలుగువాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. విస్తీర్ణం 2-20 అని ఉంటే రెండెకరాల ఇరవై సెంట్లు అనుకుంటారు. అక్కడ లెక్క గుంటల్లో, ఎకరాకి 40. అంటే అది రెండున్నర ఎకరాలు. వంద ఇళ్ళ పట్టికలో ఈ తప్పు దొర్లితే మొత్తం విశ్లేషణ పాడవుతుంది. నోటిఫికేషన్ వివరాలు, అప్పులు 11వ కాలమ్‌లో చూడాలి. పేరు లేని సాగుదారుల్ని అసలు వదలొద్దు. గోమాళంలో (పశువుల మేతకి వదిలిన ప్రభుత్వ భూమిలో) తరాలుగా దున్నుకుంటూ, ఆ సాగుని క్రమబద్ధం చేయమని ఫారం 57 పెట్టుకుని ఎదురుచూసే కుటుంబాలు పహణిలో యజమానులుగా కనిపించవు, పరిహారం జాబితాలోనూ కనిపించవు. మల్బరీ ఆకు కోసే కూలీ ఆడవాళ్ళదీ అదే పరిస్థితి. ‘ఉద్యోగం వచ్చిందా’ అని అడిగితే సమాధానం ఒక్క ముక్కలో ముగుస్తుంది. గత ఏడాది ఏ నెలలో ఎన్ని రోజులు, ఎవరి తోటలో పని దొరికిందో అడగండి. కట్టేటప్పుడు దొరికే పని వేరు, కట్టాక దొరికేది వేరు. రెంటినీ ఒకే గడిలో వేయకండి.

శబ్దం కొలిచేవాళ్ళకి ఒక్క మాట. ఇళ్ళున్న చోట రాత్రి పరిమితి 45 డెసిబెళ్ళు. మామూలు ఏ-స్కేలు మీటరు చిల్లర్ల బరువైన హోరుని తక్కువ చేసి చూపిస్తుంది, సి-స్కేలులో కూడా తీసుకోండి.

గోడ లేవకముందే బోరు నీళ్ళ మొదటి కొలతలు తీసుకోకపోతే తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదు. బోరు మూతలోంచి నీటిమట్టం కొలిచే టేపు దిగదు. అందుకని మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి రైతునే అడగండి: ఎన్ని పైపులు దించారు, త్రీఫేజ్ ఉన్న గంటల్లో ఎంతసేపు నీళ్ళు ఆగకుండా వస్తున్నాయి. పైపు ఒక్కోటి సాధారణంగా 20 అడుగులు, లోతు లెక్క అక్కడే తేలుతుంది. సర్వే నంబరూ, పంటా, కులమూ ఒకే పట్టికలో అచ్చువేస్తే చిన్న ఊళ్ళో ఎవరి ఇల్లో ఇట్టే తెలిసిపోతుంది. ప్రచురించే పట్టికలో సర్వే నంబరు తీసేయండి. ఆ ఇంటి బోరు లెక్కలు మాత్రం తేదీలతో సహా ఒక కాగితం మీద రాసి ఆ ఇంటివాళ్ళ చేతికే ఇవ్వండి. రేపు 28(2) నోటీసు వస్తే, 30 రోజుల్లో అభ్యంతరానికి జతచేసుకోవడానికి పనికొస్తుంది.