నా జీతం చూపించి అమ్మకు మెడికెయిడ్ లేదన్నారు

నిన్నటి పోస్టులో అమ్మ మెడికెయిడ్ కార్డు వచ్చింది. మెడికెయిడ్ అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అమెరికాలో ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. దరఖాస్తు పెట్టి మూడు నెలలు దాటింది. అందులో సగం కాలాన్ని ఒకే ఒక్క తప్పుడు లెక్క మింగేసింది. నార్త్ కరొలైనాలో అమ్మనో నాన్ననో దగ్గర పెట్టుకున్న తెలుగువాళ్లు ఎవరికైనా ఇదే ఎదురుకావచ్చు. అందుకే వేడి చల్లారకముందే రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. 2023 మార్చి 27న అప్పటి గవర్నర్ రాయ్ కూపర్ మెడికెయిడ్‌ను మరింతమందికి విస్తరించే హౌస్ బిల్ 76 మీద సంతకం పెట్టారు. రాష్ట్ర బడ్జెట్ చట్టమైతేనే ఇది అమలు కావాలని అందులోనే షరతు ఉంది. దాంతో డిసెంబర్ 1 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకుముందు చిన్నపిల్లలు లేని, 65 ఏళ్లు నిండని పెద్దవాళ్లకు, ఎంత బీదవాళ్లయినా, వైకల్యమో గర్భమో ఉంటే తప్ప పూర్తి మెడికెయిడ్ దొరికేది కాదు. ఇప్పుడు 19 నుంచి 64 ఏళ్ల వాళ్లకు ఆదాయం దారిద్ర్యరేఖకు 138 శాతం లోపు ఉంటే చాలు. 2025 లెక్క ప్రకారం ఒక్కరికైతే ఏడాదికి 21,597 డాలర్లు, ఇద్దరికైతే 29,187. బ్యాంకులో ఎంతుంది, ఊళ్లో పొలం ఎంతుంది అని అడగరు. ఆదాయమే చూస్తారు.

మా అమ్మకు 62 ఏళ్లు. పౌరసత్వం వచ్చింది. ఇది చాలా ముఖ్యం. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు మామూలుగా ఐదేళ్లు ఆగాలి. ఆ తర్వాత కూడా స్పాన్సర్ చేసిన పిల్లల ఆదాయాన్ని వాళ్ల ఖాతాలో కలుపుతారు. పౌరసత్వం వస్తేనో, 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లెక్క పూర్తయితేనో ఆ ముడి తెగుతుంది. హెచ్1, హెచ్4 వీసాల మీద ఉన్నవాళ్లకు ఈ విస్తరణ వర్తించదు. అయితే చట్టబద్ధంగా ఉంటున్న గర్భిణులకు, పిల్లలకు ఈ రాష్ట్రంలో మెడికెయిడ్ ఇస్తారు. మాకెందుకులే అని వదిలేయకండి.

దరఖాస్తు రాష్ట్ర ప్రభుత్వ ఈపాస్ వెబ్‌సైట్‌లో గంటలో అయిపోయింది. అమ్మ తరఫున మాట్లాడే ఆధీకృత ప్రతినిధిగా నా పేరు రాయించాను. అది లేకపోతే ఫోన్ చేసిన ప్రతిసారీ అమ్మను లైన్‌లో కూర్చోబెట్టాలి. తెలుగు దుబాసీని అడిగితే ఉచితంగానే ఇస్తారు. మొహమాటపడొద్దు.

ఆదాయం దగ్గర మనవాళ్లు ఒక పొరపాటు చేస్తుంటారు. ఇండియాలో వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు కదా అని కౌలు డబ్బు రాయరు. పౌరులకు ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడి పన్ను లెక్కలోకి వస్తుంది. మెడికెయిడ్ లెక్కా దాని మీదే నడుస్తుంది. కౌలు, ఇంటి అద్దె, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ అన్నీ డాలర్లలోకి మార్చి రాశాం. అన్నీ కలిపినా పరిమితిలో ఐదో వంతు కూడా కాలేదు.

ముప్పై ఎనిమిదో రోజున ఉత్తరం వచ్చింది. ఆదాయం పరిమితి మించింది, దరఖాస్తు తిరస్కరించాం అని.

కౌంటీ ఆఫీసుకు వెళ్లాం. కేస్ వర్కర్ కంప్యూటర్ తెర మీద నా జీతం కనిపిస్తోంది. అమ్మను నా పన్ను రిటర్నులో ఆశ్రితురాలిగా చూపిస్తాను కాబట్టి మా ఐదుగురిదీ ఒకే కుటుంబమని, నా జీతమే ఆమె ఆదాయమని లెక్క కట్టారు. నేను నిబంధన గురించి అడిగితే జవాబు చెప్పలేదు. వెనక లైన్లో అందరికీ వినపడేలా, కూతురికి ఇంత జీతం ఉండగా ప్రభుత్వ సాయం ఎందుకు అడుగుతున్నారని అమ్మనే అడిగారు. అమ్మకు ఆ మాత్రం ఇంగ్లిష్ వచ్చు. కారెక్కాక, నాకేమీ వద్దు, ఇంటికి పోదాం అంది. ఒక మనిషి హక్కుగా పెట్టుకున్న దరఖాస్తు గురించి ముష్టి అన్నట్టు మాట్లాడే అధికారం ఏ కుర్చీకీ లేదు.

అసలు నిబంధన ఇది. మామూలుగా ఒకరి రిటర్నులో ఆశ్రితులుగా ఉన్నవాళ్లకు ఆ రిటర్ను వేసినవాళ్ల కుటుంబమే కుటుంబం. దీనికి మూడు మినహాయింపులున్నాయి. మొదటిది, ఆశ్రితులుగా చూపించింది భర్తో, భార్యో, తల్లిదండ్రులో కాకుండా వేరేవాళ్లయితే ఆ సూత్రం పనిచేయదు. అప్పుడు రిటర్ను వేయనివాళ్ల సూత్రం వర్తిస్తుంది. అంటే ఆ మనిషి, ఇంట్లో ఉంటే జీవిత భాగస్వామి, 19 ఏళ్ల లోపు సొంత పిల్లలు. అంతే. కూతురు చూపించిన తల్లి సరిగ్గా ఇందులోకే వస్తుంది. కాబట్టి అమ్మ కుటుంబం ఒక్కరు, 2025 లెక్కలో నెల పరిమితి 1,800 డాలర్లు, నా జీతం లెక్కలో సున్నా. ఫెడరల్ నిబంధనల్లో 42 సీఎఫ్ఆర్ 435.603, ఎఫ్ అనే భాగంలో రెండు, మూడు అంశాలు చదవండి. తికమక ఎక్కడంటే, నేను నా పిల్లల కోసం దరఖాస్తు పెడితే మాత్రం మా కుటుంబ సంఖ్యలో అమ్మను కలపాలి. ఒకే ఇంట్లో ఎవరి దరఖాస్తుకు వాళ్ల లెక్క. మొత్తం ఇంటికి ఒకే లెక్క వేసే అలవాటున్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

మళ్లీ కొత్త దరఖాస్తు పెట్టుకోమని కౌంటర్లో సలహా ఇచ్చారు. ఆ మాట వినకండి. కొత్తది పెడితే పాత తేదీ పోతుంది, దాంతోపాటు పాత బిల్లుల కవరేజీ పోతుంది. తిరస్కరణ ఉత్తరం మీది తేదీ నుంచి 60 రోజుల్లో హియరింగ్ (అప్పీలు విచారణ) అడగాలి. ఫోన్లో అడగొచ్చు, కానీ నేను రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు తెచ్చుకున్నాను. కోపంతోనూ బాధతోనూ మూడు వారాలు వృథా చేశాను. అడిగాక మాత్రం ఐదు రోజుల్లో కౌంటీలోనే హియరింగ్ పెట్టారు. దానికి ముందు కేసు ఫైలు చూసే హక్కు ఉంది. తప్పకుండా చూడండి. మా ఫైల్లో ఆదాయ పట్టిక ఒక్క పేజీ, అందులో నా పే స్టబ్ (జీతం చీటీ) అంకె. ఆ పేజీ పక్కన నిబంధన ప్రింటు పెట్టి, వర్తించే వాక్యం కింద గీత గీసి, విచారణాధికారికి ఇచ్చాను. ఇరవై నిమిషాల్లో ముగిసింది, నిర్ణయం మాకు అనుకూలంగా వచ్చింది. ఒకవేళ రాకపోతే 15 రోజుల్లో రాష్ట్ర స్థాయి హియరింగ్ అడగాలి.

మెడికెయిడ్ వచ్చాక అందులో ఒక ఆరోగ్య ప్లాన్ ఎంచుకోవాలి. అది తేలిక. ముందు మీ డాక్టర్ ఏ ప్లాన్లు తీసుకుంటారో కనుక్కుని తర్వాత ప్లాన్ ఎంచుకోండి. నచ్చకపోతే 90 రోజుల్లో మార్చుకోవచ్చు.

దరఖాస్తు నెలకు ముందు మూడు నెలల్లో వైద్యం బిల్లులుంటే ఫారంలో ఆ ప్రశ్నకు ‘ఉంది’ అని గుర్తు పెట్టాలి. అమ్మకు స్కానింగ్ బిల్లు ఉండేది. కార్డు మీది మెడికెయిడ్ నెంబరు ఆస్పత్రికి పంపించాను. 2025 జూలై 4న సంతకమైన ఫెడరల్ చట్టం వల్ల, 2027 జనవరి నుంచి విస్తరణలో చేరినవాళ్లకు ఈ మూడు నెలలు ఒక్క నెలకు తగ్గిపోతాయి. అప్పుడే మరో రెండు మార్పులు మొదలవుతాయి. ఏడాదికి బదులు ఆరు నెలలకోసారి అర్హత తనిఖీ, నెలకు 80 గంటల పని, చదువు లేదా సేవ రుజువు. మినహాయింపు లేనివాళ్లకు 64 ఏళ్ల దాకా ఈ రుజువు తప్పదు. 13 ఏళ్లు, అంతకంటే చిన్న పిల్లల్ని చూసుకునే బంధువులకు మినహాయింపు ఆ చట్టంలోనే ఉంది. మనవల్ని చూసుకునే అమ్మమ్మలు, నాయనమ్మలు ఆ రుజువు ఇప్పటినుంచే కూడబెట్టుకోవాలి. అమ్మ పేరు స్కూల్లో మా చిన్నవాణ్ణి తీసుకెళ్లేవాళ్ల జాబితాలో ఈ వారమే రాయించాను.