కుక్క కాలు విరిగితే పుత్తూరు కట్టు సరిపోతుందా?

చెన్నైలో మనవాళ్ల ఇళ్లలో కుక్క కాలు విరిగిందంటే ముందు వినిపించే మాట, "పుత్తూరు కట్టు (బద్దలు పెట్టి కట్టే నాటువైద్యం) కట్టిస్తే పోలా?" అని. మనిషి ముంజేతికి పనిచేసింది కదా అని కుక్క తొడకి పనిచేయదు. ఏ కట్టయినా నిలవాలంటే విరిగిన చోటికి పైనున్న కీలు, కిందనున్న కీలు రెండూ కదలకూడదు. తొడ ఎముకకి పైకీలు తుంటి. దాన్ని ఏ బద్దలు పెట్టి బిగిస్తారు? కుక్క నాలుగడుగులు వేసేసరికి కట్టు కిందికి జారి, సరిగ్గా విరిగిన చోటే బరువై వేలాడుతుంది. కుక్కపిల్లల్లో ఇంకా ప్రమాదం: కాలు చాచి కట్టేస్తే కొద్ది వారాల్లోనే తొడ ముందు కండరం ఎముకకి అతుక్కుపోయి, మోకాలు ఇక మడవదు. అది మళ్లీ బాగుపడడం దాదాపు లేనట్టే.

మోకాలికీ మోచేతికీ కింద విరిగితే సంగతి వేరు. కూన, రెండెముకల్లో ఒకటి గట్టిగానే ఉంది, ముక్కలు పక్కకి జరగలేదు అంటే కాస్ట్‌తో (పిండికట్టుతో) మూడు నాలుగు వారాల్లో అతుక్కోవచ్చు. కాలు పెరుగుతుంటుంది కాబట్టి వారానికోసారి విప్పి చూడాలి. మధ్య రెండు వేళ్ల కొసలు బయటికి వదలమనండి. ఆ గోళ్లు పక్కపక్కన ఉండాలి. అవి దూరం జరిగితే లోపల వాచిందన్నట్టే, ఆ రోజే విప్పించాలి.

సోఫా మీంచి దూకిన పామరేనియన్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. మణికట్టుకి కాస్త పైన ముంజేతి ఎముక విరుగుతుంది. అక్కడ కండ లేదు, రక్తం అందేదీ తక్కువే. కాస్ట్ వేస్తే అతుక్కోకుండా మిగిలిపోయేవి ఎక్కువగా ఈ బుల్లి జాతులే. వీటికి ఆపరేషన్ చేసి ఎముకకి బిగించే ప్లేటే మేలు.

ప్లేటుకి విరిగిన చోటికి అటూ ఇటూ కనీసం మూడేసి స్క్రూలు, వీలైనంతవరకు ఎముక రెండు గోడల్నీ పట్టేలా ఉండాలి. ఖర్చు తగ్గుతుందని మూలుగలో పిన్ను ఒక్కటే వేయించుకుంటారు కొందరు. పిన్ను ఎముకని వంగకుండా ఆపుతుంది గానీ మెలి తిరగడాన్ని, ముక్కలు ఒకదానిమీదొకటి ఎక్కడాన్ని ఆపలేదు. ఎముక నుజ్జయిన చోట పిన్నుకి తోడు ప్లేటో, బయటి ఫిక్సేటరో (ఎముకని బయటినుంచి పట్టి ఉంచే చట్రం) కావాలి.

బండి గుద్దిన కుక్కయితే కాలు సంగతి తర్వాత. ముందు ఛాతీ ఎక్స్‌రే తీయాలి, ఒంటేలు పోస్తోందో లేదో చూడాలి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినా, మూత్రాశయం పగిలినా వెంటనే బయటికి తెలియకపోవచ్చు. మత్తిచ్చాకే బయటపడితే చెయ్యి దాటినట్టే. వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు అట్టముక్క మీద పడుకోబెట్టి తీసుకెళ్లండి, కాలు సర్దబోకండి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ అస్సలు వేయొద్దు.

ఆపరేషన్ బాగా జరిగినా కాలు పాడైందంటే, అది ఎక్కువగా ఇంటికొచ్చాకే. నొప్పి తగ్గగానే కుక్క పరిగెత్తుతుంది. స్క్రూ ఊడుతుంది, ప్లేటు వంగుతుంది. ఫ్లాట్లలోని టైల్స్ నేల దానికి శత్రువు, గోనెపట్టాలు పరవండి. మెడకి కాలర్, కుట్లు విప్పేదాకా పది పద్నాలుగు రోజులు. బయటికి తాడుతోనే, ఐదేసి నిమిషాలు, కడుపు కింద తువ్వాలు పట్టుకుని. మెట్లు వద్దు. నాలుగు నుంచి ఆరు వారాలకి ఒక ఎక్స్‌రే, ఆపైన మరొకటి. రెండు కోణాల్లో కనిపించే నాలుగు ఎముక అంచుల్లో మూడయినా కలిసేదాకా తాడు విప్పొద్దు. పిల్లల్లో ఇది నెలలోపే కావచ్చు, పెద్దవాటికి మూడు నాలుగు నెలలు. ప్లేటు ఇబ్బంది పెట్టనంతకాలం తీయించక్కర్లేదు.