మార్గశిర లక్ష్మివారం, దక్షిణపు కిటికీ

డిసెంబర్ 4, గురువారం, మార్గశిర పౌర్ణమి. సెమిలిగుడ, ఒడిశాలోని కోరాపుట్ జిల్లా.

పొద్దున్న ఆరున్నరకి ఎదురింటి గేటు కూడా కనపడనంత మంచు. కిటికీ గట్టు మీది థర్మామీటరు 11 చూపించింది. అదే గదిలో మధ్య బల్ల మీద 16. మధ్యలో ఉన్నది ఆరడుగుల దూరం, తేడా ఐదు డిగ్రీలు. చలికాలంలో ఇంట్లోకి మొక్క తెచ్చుకోవాలనుకుంటే ముందు చూసుకోవాల్సింది ఈ రెండంకెలు. మొక్క పేరు ఆ తర్వాత.

ఇళ్లల్లో పెంచే ఆకుమొక్కలు చాలావరకు వెచ్చటి అడవుల నీడలో పుట్టినవే. మనీప్లాంట్ పసిఫిక్ దీవులది, అరెకా పామ్ మడగాస్కర్‌ది, అగ్లోనిమా ఆగ్నేయాసియా తడి అడవులది. 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఇవి హాయిగా ఉంటాయి. ఈ కొండ మీద, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, డిసెంబర్ జనవరిల్లో పది లోపుకి దిగే రాత్రులు మామూలే. బొబ్బిలిలో చుట్టాలింట్లో ఏడాది పొడుగునా నిగనిగలాడిన మొక్క ఇక్కడ సంక్రాంతి చూడకుండానే పోతే, అది చేతివాసి కాదు, చలి.

లక్ష్మివారం కదా, వీధి వీధంతా కడుగుళ్లే. ఒడియా వాళ్ల గుమ్మాల్లో బియ్యప్పిండి ఝోటీలు, మన గుమ్మాల్లో ముగ్గులు. ఇల్లు కడిగిన రోజున కుండీల కిందకి ఒకసారి వంగి చూడాలి. కడిగిన నీళ్లు పళ్లాల్లోకి చేరి అక్కడే నిలిచిపోతాయి. అడుగు చిల్లులోంచి మట్టి ఆ నీళ్లని పైకి పీల్చుకుంటుంది. పైన మట్టి పొడిగా కనిపిస్తుంది, కింద వేళ్లు బురదలో ఉంటాయి. అందుకే ఈ నెలల్లో ఏ కుండీనీ నేల మీద నేరుగా పెట్టకూడదు. రెండంగుళాల చెక్క ముక్కో, మడిచిన గోనెసంచో, థర్మోకోల్ అట్టో కింద ఉండాలి. నీళ్లు తగలవు, మొజాయిక్ నేల చల్లదనం కూడా వేళ్లకెక్కదు.

తొమ్మిదిన్నరకి మంచు విడింది. మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదంటారు. ఈ అక్షాంశం దగ్గర డిసెంబర్ మూడో వారానికి పగలు దాదాపు 11 గంటలకి కుదించుకుపోతుంది. అయితే ఆ కుదించిన పగల్లోనే ఒక మేలుంది. సూర్యుడు దక్షిణానికి ఒరిగిపోయి, డిసెంబర్ 21 మధ్యాహ్నం కూడా నడినెత్తికి రాకుండా 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఏడడుగుల ఎత్తున సజ్జ, ఆ సజ్జ రెండడుగులు బయటికి ఉన్న దక్షిణపు కిటికీలోంచి మధ్యాహ్నం ఎండ గదిలోకి నాలుగడుగులకి పైనే వస్తుంది. జూన్‌లో సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు కాబట్టి అదే కిటికీలోకి మధ్యాహ్నం ఒక్క చారెడు ఎండ కూడా పడదు. వేసవిలో చీకటిగా ఉందని వదిలేసిన దక్షిణపు గోడే ఇప్పుడు ఇంట్లోకెల్లా మంచి చోటు. ఏటా మార్గశిరంలో కుండీలని అక్కడికి మార్చి, ఉగాదికి వెనక్కి తెస్తే సగం జబ్బులు రావు.

వెలుతురు ఎంతుందో కంటితో చూసి చెప్పలేం. మన కన్ను చీకటికి ఇట్టే అలవాటు పడిపోతుంది. పదకొండు గంటలకి మొక్క పెట్టదలచుకున్న చోట తెల్ల కాగితం పరిచి, దానికి ఒక అడుగు పైన అరచెయ్యి చాపి చూడండి. వేళ్లు విడివిడిగా, అంచులు గీసినట్టు నీడ పడితే పూలమొక్క బతుకుతుంది. చెయ్యి అని తెలుస్తూనే అంచులు చెదిరిపోతే మనీప్లాంట్, పీస్ లిల్లీ, స్పైడర్ ప్లాంట్, అరెకా. నీడే కనపడకపోతే స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ తప్ప ఇంకేదీ వద్దు. అవి కూడా అక్కడ చావకుండా ఉంటాయి గానీ పెరగవు. నెలకోసారి వారం రోజులు కిటికీ దగ్గరికి తెచ్చి పెడితేనే వాటికి న్యాయం.

ఇంటికి రంగు కావాలంటే ఈ కాలానికి కలాంచోని మించింది లేదు. రాత్రులు పొడుగైతేనే మొగ్గ తొడిగే జాతి అది. రోజుకి 14 గంటల కటిక చీకటి ఆరు వారాల పాటు దొరికితే ఆ తర్వాత పూతకొస్తుంది. సాయంత్రం ట్యూబులైటు వెలిగే హాల్లో పెట్టి మరుసటేడు మొగ్గ లేదని బాధపడటంలో అర్థం లేదు. దానికి రాత్రి సరిపోలేదంతే. కొనేటప్పుడు పావు వంతు విచ్చి, మిగతావి మొగ్గలుగా ఉన్న మొక్క తీసుకోవాలి. అన్నీ విచ్చినది రెండు వారాల ముచ్చట. ఆకు మందం కాబట్టి మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు, వాడిన గుత్తులు కాడతో సహా తుంచెయ్యాలి. క్రిస్మస్‌కి అమ్మే ఎర్ర పాయిన్‌సెట్టియాదీ ఇదే పొడుగు రాత్రుల లెక్క. కానీ అది చలిగాలి అసలు ఓర్చుకోదు, తలుపుకెదురుగా పెడితే వారంలో ఆకు రాలుస్తుంది. ఈ ఊరికి కలాంచోయే నయం.

పదకొండుకి నీళ్లు. అంతకు ముందు పోయకూడదు. రాత్రంతా చలికి చల్లబడ్డ టాంకు నీళ్లు పొద్దున్నే వేళ్ల మీద పోస్తే ఆకులు వాలిపోతాయి. బకెట్లో పట్టి రాత్రే ఇంట్లో పెట్టుకుంటే గది వేడికొస్తాయి. సాయంత్రం కూడా వద్దు, చల్లటి రాత్రికి తడి మట్టి తోడవుతుంది.

చలికాలంలో మొక్కలు ఎండి చచ్చేవి తక్కువ, మునిగి చచ్చేవి ఎక్కువ. వెలుతురు తగ్గితే మొక్క తాగేది తగ్గుతుంది. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీరు నిలిచిపోతుంది. గాలి అందని వేరు మెత్తబడితే కుళ్లు తెగులు పట్టుకుంటుంది. వారానికింతని తేదీ పెట్టుకుని పోయడం కంటే పుల్ల పరీక్ష నమ్మకం. పొడి చీపురుపుల్లని కుండీ అంచు పక్కగా అడుగుదాకా గుచ్చి ఐదు నిమిషాలాగి తియ్యండి. మట్టి అంటుకుని, పుల్ల రంగు ముదిరితే ఇవాళ వద్దు. పొడిగా వస్తే ఆరంగుళాల కుండీకి పావు లీటరు, ఎనిమిదంగుళాల దానికి అర లీటరు, చుట్టూ నెమ్మదిగా. పది నిమిషాల తర్వాత పళ్లెంలో చేరింది పారబొయ్యాలి. ఈ లెక్కన ఇక్కడ మనీప్లాంట్‌కి పది, పన్నెండు రోజులకోసారి పడుతుంది, పీస్ లిల్లీకి ఎనిమిది రోజులకి, స్నేక్, జీజీలకి నెలకి ఒక్కసారి. జీజీ మట్టిలో బంగాళాదుంపల్లాంటి దుంపలు పెట్టి నీరు దాచుకుంటుంది. దానికి దయతో పోసే నీరే విషం.

పీస్ లిల్లీ మాత్రం మనిషిని మోసం చేస్తుంది. ఎండినా తల వాల్చేస్తుంది, మునిగినా వాల్చేస్తుంది. కుండీ ఎత్తి చూడాలి. తేలిగ్గా ఉంటే దాహం, నీళ్లు పోస్తే నాలుగు గంటల్లో లేచి కూర్చుంటుంది. బరువుగా ఉండి వాలిందంటే వేళ్లు కుళ్లాయని, ఇంకో చెంబెడు పోస్తే అదే ఆఖరు. బయటికి తీసి, గోధుమరంగు తిరిగి జారిపోయే వేళ్లన్నీ కత్తిరించి, తెల్లగా గట్టిగా ఉన్నవి ఉంచి, ఎర్రమట్టి, ఏటి ఇసుక, కొబ్బరిపీచు పొడి సమపాళ్లలో కలిపిన మట్టిలో నాటాలి. వేళ్ల ముద్దకంటే ఒక్క అంగుళం మాత్రమే పెద్దదైన కుండీ చాలు. పెద్ద కుండీలో వేళ్లు అందుకోలేనంత మట్టి తడిగా కూర్చుంటుంది. గెత్తం, వర్మీ కంపోస్టు ఇప్పుడొద్దు, శివరాత్రి దాటాక. పెరగని మొక్కకి ఎరువేస్తే ఆ లవణాలన్నీ మట్టిలోనే మిగిలి ఆకు కొసలు మాడతాయి.

మధ్యాహ్నం పక్కింటావిడ అగ్లోనిమా కుండీ చంకన పెట్టుకుని వచ్చింది. "అక్కా, మొన్ననే కొన్నాను. తెగులంటారా? మందేమైనా కొట్టాలా?" ఎర్ర అంచుల ఆకు. నడి ఈనెకి ఒక పక్కన నూనె చుక్క పడ్డ కాగితంలా నల్లపచ్చటి మచ్చ, వెలుతురుకెత్తి పట్టుకుంటే అక్కడ ఆకు తడిసినట్టు పారదర్శకంగా కనిపించింది. కింద పురుగు లేదు, జిగట లేదు. కిటికీ అద్దం వైపున్న ఆకులకే మచ్చ, గది వైపున్నవి బాగానే ఉన్నాయి. ఆ ఒక్క ఆనవాలు చాలు, అది చలిదెబ్బ. అగ్లోనిమాకి 13 డిగ్రీలు దిగితే ఆకు కణాలు చెడతాయి, రెండు మూడు రోజులకి గానీ మచ్చ పైకి తేలదు. మందు అక్కర్లేదు. "మచ్చ ఆకుని ఇప్పుడే కోసెయ్యకమ్మా, పచ్చగా ఉన్న భాగం ఇంకా పని చేస్తోంది. వంటగది పక్క గదిలో, కిటికీకి నాలుగడుగులు లోపలికి పెట్టు. పసిపిల్లాడికి మాత్రం అందనివ్వకు." అగ్లోనిమా, డిఫెన్‌బాకియా, మనీప్లాంట్, పీస్ లిల్లీ ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి. నమిలితే నోరు మండి వాస్తుంది.

ఇక్కడికొచ్చే మొక్కలు చాలావరకు కడియం నర్సరీలవి. వేనులో సాలూరు దాటి ఘాటీ ఎక్కి వస్తాయి. గోదావరి పక్కన నిన్నటి రాత్రికీ ఇక్కడ ఇవాల్టి రాత్రికీ దాదాపు పది డిగ్రీల తేడా. డిసెంబర్‌లో కొనేవాళ్లు అందుకే గట్టి జాతులు ఎంచుకోవాలి: స్నేక్ ప్లాంట్, జేడ్, స్పైడర్ ప్లాంట్, కలాంచో. అగ్లోనిమా, డిఫెన్‌బాకియా ఫిబ్రవరి చివరికి వాయిదా వేస్తే డబ్బు మిగులుతుంది. వేను దగ్గర ఆకుల అందం చూడకముందు అడుగు చూడాలి. మొదలు పట్టుకుని కొద్దిగా కదిపితే మొక్క మట్టిలో ఊగకూడదు. ఆకు మొదట్లో దూది పింజలుంటే పిండినల్లి. ఆకు కింద సన్నటి సాలెగూడు, పైన ఇసుక చల్లినట్టు చుక్కలుంటే ఎర్రనల్లి. ఈ పొడి గాలికి అది తొందరగా పాకుతుంది. మట్టి మీద నల్లటి చిన్న ఈగలు లేస్తే ఆ మట్టి ఎప్పుడూ తడిగానే ఉందని. తెచ్చిన మొక్కని పదిహేను రోజులు మిగతావాటికి దూరంగా ఉంచి, కుండీ మార్చకుండా వదిలెయ్యడం మేలు.

పిండినల్లికి లీటరు గోరువెచ్చని నీళ్లలో ముందు 2 మి.లీ. లిక్విడ్ సోపు, తర్వాత 5 మి.లీ. వేపనూనె కలిపి, ఆకు కింద తడిసేలా, వారానికోసారి మూడు వారాలు కొట్టాలి. గుడ్లు పొదిగి కొత్తవి వస్తాయి కాబట్టి ఒక్కసారితో పోదు. ఈ చలికి వేపనూనె సీసాలో నెయ్యిలా పేరుకుపోతుంది. చాలామంది పైన కొంచెం కరిగింది వంచేసి మందు పని చెయ్యలేదంటారు. సీసాని వేడినీళ్ల గిన్నెలో పది నిమిషాలుంచి, మొత్తం కరిగాక కుదిపి వాడాలి. చల్లినరోజు మొక్క ఎండలో ఉండకూడదు.

గాలి శుభ్రం చేస్తాయని మొక్కలు కొనేవాళ్లకి ఒక మాట. ఆ నమ్మకానికి మూలమైన ప్రయోగం, 1989లో నాసా కోసం వుల్వర్టన్ అనే శాస్త్రవేత్త చేసినది, గాలి చొరబడని చిన్న పెట్టెల్లో జరిగింది. మన ఇల్లు పెట్టె కాదు. 2019లో కమింగ్స్, వేరింగ్ అనే పరిశోధకులు అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కగడితే, మామూలుగా భవనంలోకి వచ్చే గాలి చేసే పనికి సరితూగాలంటే ఒక్కో చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. అందుకే పదింటి నుంచి మూడింటి దాకా ఎదురెదురు కిటికీలు తెరవాలి. బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ని ఏ మొక్కా తియ్యలేదు. అది ప్రాణాల మీదికొచ్చే సంగతి. మొక్కలు ఇచ్చేది వేరు. బూడిదరంగు మంచు బయట కమ్ముకున్నప్పుడు లోపల కంటికి తగిలే పచ్చదనం. దానికోసమే పెంచినా తక్కువేమీ కాదు.

నెగళ్ల పొగ, రోడ్డు దుమ్ము ఆకుల మీద పేరుకుని ఉన్న కాస్త వెలుతురునీ ఆపేస్తాయి. నాలుగింటికి ఒక చెయ్యి ఆకు కింద పెట్టి, తడిపి పిండిన పాత చీర ముక్కతో మొదలు నుంచి కొస దాకా తుడవడం. నునుపు కోసం పాలు, కొబ్బరినూనె రాయకూడదు, వాటికి ఇంకా దుమ్ము పడుతుంది. అరెకా కొసలు గోధుమరంగు తిరిగితే ఆకు ఆకారం పోకుండా ఏటవాలుగా కత్తిరించి, పచ్చ భాగం తాకకుండా సన్నటి ఎండు అంచు వదలాలి. పచ్చని కోస్తే మళ్లీ అక్కడే ఎండుతుంది.

అయిదున్నరకి పొద్దు వాలింది. అద్దానికి తగులుతున్న ఆకులన్నీ వెనక్కి జరగాలి, పరదా మొక్కకీ అద్దానికీ మధ్య రావాలి. పరదా వెనక గట్టు మీద మొక్క మిగిలిపోతే అది ఇంట్లో లేనట్టే లెక్క.

రాత్రి తొమ్మిదికి గట్టు మీద 14, బల్ల మీద 18. కలాంచో, మనీప్లాంట్, స్పైడర్ ప్లాంట్ బల్ల మీదకి చేరాయి. గట్టు మీద జేడ్ ఒక్కటే ఉంది.