సావిడికి రెండో తలుపు

"ఎనిమిది మంది కూర్చునే గదికి రెండు తలుపులెందుకురా? అదేమన్నా సినిమా హాలా?" అన్నారు నాన్నగారు. గోడకి తెర కట్టి, ప్రొజెక్టర్ బిగించి, రెండు మూలలా సౌండ్ బాక్సులు పెడుతున్నాం కాబట్టి సినిమా హాలే అని నోటిదాకా వచ్చింది. అన్నం తింటున్నారు కదా అని ఊరుకున్నాను.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పెరట్లో ఒక పెంకుటి సావిడి ఉంది. ముప్పై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. గేదెల్ని అమ్మేశాక ఆరేళ్ళుగా ఊరికే పడి ఉంది. సంక్రాంతికి పిల్లలందరూ దిగితే ఇల్లు చాలదు. దీన్ని బాగుచేయించి క్యారమ్స్, సినిమాలు, పేకాట అన్నీ అక్కడే పెడదామని అక్కా నేనూ అనుకున్నాం. మేస్త్రి గారి ప్లాను తేలిక: దక్షిణం వైపు, సందు పక్కన ఉన్న మూడో వంతు సామాను కొట్టు. మిగతాది గది. పాత తలుపు కొట్టుకే ఉంది కాబట్టి కొట్టులోంచి గదిలోకి ఇంకో తలుపు పెడితే సరి. గోడలు పగలగొట్టే పని లేదు, ఖర్చూ కలిసొస్తుంది.

ఆ కొట్టులో ఏముందో చెప్తాను. నాన్నగారి కొత్త ఎలక్ట్రిక్ స్కూటర్, రాత్రంతా చార్జింగ్‌లో. ఇన్వర్టర్, దాని బ్యాటరీ. గడ్డి కోసే మిషన్‌కి అయిదు లీటర్ల పెట్రోలు డబ్బా. ఒక గోడ మొత్తం ఎండు కొబ్బరి డొక్కలు. అంటే ఊళ్ళో ఎక్కడ నిప్పు పుట్టాలన్నా ముందు పుట్టేది అక్కడే. గదిలో ఉన్న పిల్లలు బయటికి రావాలంటే ఆ నిప్పులోంచే రావాలి.

నేనుండేది సికింద్రాబాద్. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలో తుక్కు గోడౌన్ తగలబడి, పైన పడుకున్న పదకొండు మంది బీహార్ కూలీలు చనిపోయారు. కిందికి దిగడానికి ఒక్కటే ఇనుప మెట్ల దారి, అదీ మంటల వైపు. ఆఫీసుకి ఆ దారినే వెళ్తాను. మేస్త్రి గారు కాగితం మీద గీసిన గీతలు చూడగానే నాకు ఆ మెట్లే గుర్తొచ్చాయి.

మా పెదనాన్నగారి అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటాడు. వాడు వాళ్ళ పెరటి షెడ్డుని ఇలాగే మార్చుకున్నాడు కాబట్టి ఫోన్ చేశాను. "ఇంకో గదిలోంచి తప్ప బయటికి దారి లేని గదిని ఇక్కడ లోగదిగా లెక్కేస్తారు. దానికి నేరుగా బయటికి పోయే తలుపో, మనిషి పట్టే కిటికీయో ఉండాలి" అన్నాడు. కిటికీకి కొలతలు కూడా చెప్పాడు. తెరిస్తే ఖాళీ కనీసం 0.33 చదరపు మీటరు ఉండాలి. ఎత్తు గానీ వెడల్పు గానీ 450 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. కింది అంచు నేల నుంచి 1100 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇందులో ఒక మెలిక ఉంది. ఎత్తూ వెడల్పూ రెండూ 450 పెడితే ఖాళీ 0.2 దగ్గరే ఆగిపోతుంది. ఒకటి 450 అయితే రెండోది 735 దాకా రావాలి. అంటే దాదాపు అడుగున్నర వెడల్పూ, దాదాపు రెండున్నర అడుగుల ఎత్తూ అన్నమాట.

మా సావిడి తూర్పు కిటికీ కొలిచాను. మూడడుగులు బై నాలుగడుగులు, నేల నుంచి ఎత్తు కూడా సరిపోయింది. కానీ నాలుగంగుళాలకో ఇనుప ఊచ. పిల్లి దూరుతుంది. మనిషి దూరడు. పైగా అవతల రెండడుగుల్లో పక్కవాళ్ళ ప్రహరీ, మధ్యలో నిండా ఎండు కొబ్బరాకులు. ఊచలు కోసేసినా మనిషి దూకేది ఎక్కడికి? ఆ కిటికీ గాలికే అని వదిలేసి, పడమర పెరట్లోకి, నూతి వైపు తలుపే పెట్టాలని తేల్చుకున్నాను.

అసలు యుద్ధం అక్కడ మొదలైంది. పడమర తలుపంటే నైరుతి అవుతుందని నాన్నగారి బెంగ. సిద్ధాంతి గారిని పిలిపించారు. ఆయన దిక్సూచి పెట్టి చూసి, ఉత్తరం చివరికి జరిపితే పడమర వాయవ్యం, దివ్యంగా ఉంటుందన్నారు. కొట్టు ఉన్నది దక్షిణాన. అంటే నిప్పు పుట్టే చోటికి అన్నిటికన్నా దూరంగా ఉన్న మూల అదే. సిద్ధాంతి గారికి నేను మనసులో పెట్టిన దణ్ణం ఆయనకి తెలియదు.

కొట్టుకీ గదికీ మధ్య తలుపు లేకుండా గోడ కట్టేయమన్నాం. కట్టారు. పై నుంచి సగం పెంకులు దించి ఉన్న రోజున చూస్తే, గోడ దూలం దాకానే ఉంది. దూలానికీ పెంకులకీ మధ్య మూడడుగుల త్రికోణం ఖాళీ. మన పెంకుటిళ్ళలో మధ్య గోడలన్నీ అంతే కదా, ఈ గదిలో దగ్గితే ఆ గదిలో వినపడేది అందుకే. పొగ ముందు పైకే లేస్తుంది, ఆ ఖాళీలోంచి పిల్లల నెత్తి మీదికి దిగుతుంది. "పైదాకా కట్టేయండి" అన్నాను. "ఆయ్, గాలాడద్దాండీ?" అన్నారు మేస్త్రి గారు. గాలికి ఇటు కిటికీ ఉంది కదండీ అని నచ్చజెప్పి, పెంకు దాకా ఇటుక లేపించి, దూలాలు గోడలో దిగిన చోట సందుల్లో కూడా సిమెంటు కూరించాం.

తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించాను. ఎనిమిది మంది ఒక్కసారి మీద పడితే లోపలికి లాగే తలుపు రాదు. బయట గొళ్ళెం వద్దన్నాను. దానికి వేరే కారణం ఉంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అక్క ఇదే సావిడిలో నన్ను పెట్టి బయట గొళ్ళెం వేసి మధ్యాహ్నం నిద్రకి వెళ్ళిపోయింది. దొంగల సంగతేంటని అమ్మ అడిగింది. బయట నుంచి తాళంచెవితోనూ, లోపల నుంచి వట్టి చేత్తోనూ తెరుచుకునే తాళం బిగించాం. లోపల తాళంచెవి వెతుక్కునే పని ఉండకూడదు.

సౌండ్ బయటికి పోకుండా గోడలకి అతికించే నురుగు షీట్లు కొందామని బావగారి సరదా. షాపువాడు "మంట అంటుకోదు సార్" అన్నాడు, కాగితం చూపించమంటే మాట మార్చాడు. అరచేతంత ముక్క తెచ్చి నూతి దగ్గర అగ్గిపుల్ల గీశాను. ఊదుబత్తి అంటుకున్నంత సేపు కూడా పట్టలేదు. నల్లటి పొగ, కారుతున్న నిప్పు బొట్లు. బావగారు రెండడుగులు వెనక్కి వేసి, "వద్దులే" అన్నారు. పైన జిప్సం బోర్డు, గోడలకి ఉత్త సున్నం. సౌండ్ కాస్త గంగ్ గంగ్ మంటుంది, నిజమే.

మిగతావి చిన్నవి. ఏసీకి విడిగా వైరు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ముప్పై మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ స్విచ్చి, తలుపు పక్కన మంటలార్పే సిలిండర్, కప్పుకి బ్యాటరీ పొగ అలారం. అందులో పడుకోకూడదని రూలు పెట్టాం. సంక్రాంతికి దిగిన చుట్టాల్ని చూశాక ఆ రూలు ఏమైందో చెప్పక్కర్లేదు. చాపలు పరిచేశారు.

భోగి నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి ఇంటి ముందు మంట వేశాం. గాలి తిరిగి పొగంతా పెరట్లోకి మళ్ళింది, కిటికీలోంచి సావిడిలోకి. అలారం కూత నాకు వీధిలోకి వినిపించింది. పరిగెత్తేసరికి పిల్లలు ఒక్కొక్కరే నూతి దగ్గరికొచ్చి కళ్ళు నులుముకుంటున్నారు. లెక్క పెడితే ఏడుగురే. మా అక్క కొడుకు లోపల ఫోన్ చార్జర్ వెతుక్కుంటున్నాడు! చెవి పట్టుకుని లాక్కొచ్చాను. అందరూ బయటికొచ్చాక నాన్నగారు తలుపుకేసి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి భోగి మంటలో ఇంకో తాటి దుంగ వేశారు.

ఆ వారంలోనే స్కూటర్ చార్జింగ్ అరుగు మీదికి మారింది. పెట్రోలు డబ్బా మాత్రం ఇంకా కొట్టులోనే ఉంది.

మొన్న ఫోన్ చేస్తే మాటల్లో అమ్మ చెప్పింది, నూతి వైపు తలుపుకి అడ్డంగా రెండు పెసల బస్తాలు పెట్టారట, ఎలకలు రాని చోటని. అప్పటికప్పుడు తీయించాను. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున వీడియో కాల్ చేసి ఆ తలుపు తెరిచి చూపించమంటున్నాను. నాన్నగారు విసుక్కుంటూనే తెరుస్తున్నారు.