అంచున గీత ఉంటే మంచిదే: చెన్నైలో పోత నాణేలు కొన్న నా అనుభవం

పాత నాణేలు కొనేవాళ్లకు మొదట నేర్పే పాఠం: అంచు చుట్టూ సన్నటి గీత కనిపిస్తే ముట్టుకోవద్దు. అసలు నాణెం మీంచి అచ్చు తీసి నకిలీ పోత పోస్తే, రెండు అచ్చులు కలిసినచోట ఆ గీత పడుతుంది. వెండి ముక్కల మీద గుర్తులు గుద్ది చేసిన విద్ధాంక నాణేలు కొన్నంతకాలం నేనూ ఈ సూత్రంతోనే నెట్టుకొచ్చాను. క్రీ.పూ. 3, 2 శతాబ్దాల రాగి పోత నాణేల మీదికి మనసు పోయాక అది పనికిరాకుండా పోయింది. వీటికి ఆ గీత పుట్టుమచ్చ.

ఎందుకంటే ఇవి పుట్టిందే అలా. మట్టి అచ్చులు రెండు ఎదురెదురుగా మూసి, మధ్య కాలువలోంచి కరిగిన రాగి పోసేవారు. నాణేలు గొలుసుకట్టుగా వచ్చేవి, తర్వాత విరగ్గొట్టేవారు. మన సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లోనూ నాణేల మట్టి అచ్చులు దొరికాయి. అచ్చులు కాస్త జరిగితే నాణెం ఒక వైపుకు తప్పుకుంటుంది. గాలి బుడగలకు గుంటలు పడతాయి. ఒకవైపు ఏనుగు, స్వస్తిక, మరోవైపు కంచెలో చెట్టు, నెలవంక ఉన్న మూడు కమానుల గుట్ట. అక్షరం ముక్క ఉండదు, రాజు పేరు వెతుక్కోనక్కర్లేదు. నాకు నచ్చిందే అది.

పార్క్‌టౌన్ వైపు ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. 1985లో మూర్ మార్కెట్ కాలిపోకముందు నుంచీ ఈ వ్యాపారమే, ఇంట్లో తెలుగే. "ఒక్కటి చూసి కొనొద్దు నాయనా, నాలుగు పక్కపక్కన పెట్టు" అన్నాడు. ఒకే చోట, ఒకేలాంటి గుంట, ఒకేలాంటి అరుగుదల రెండింటి మీద కనబడితే రెండూ ఈమధ్య పోసినవే. రెండువేల ఏళ్లు వేరువేరు చేతుల్లో, వేరువేరు మట్టిలో ఉన్నవి అంత అచ్చుగుద్దినట్టు అరగవు కదా!

అసలు కిటుకు విరిచిన చోట ఉంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద ఆ మొండిని చూడాలి. అసలు దానికి అక్కడా మిగతా వంటి మీదున్న పచ్చ చిలుమే, గుంటల్లోకి పాకి ఉంటుంది. నకిలీకి ఆ మొండి ఆకురాయితో రాసి రంగు పూసినట్టుంటుంది. ఇంకా అనుమానమైతే అసిటోన్‌లో ముంచాలి: పూసిన రంగు ఊడొస్తుంది, అసలు చిలుముకు ఏమీ కాదు. గోళ్ల రంగు తుడిచేది కాదు, కెమికల్ షాపులో దొరికే స్వచ్ఛమైనది. ఈ పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర నేను కొనను.

కాగితాల సంగతీ ఉంది. 1972 పురావస్తువుల చట్టం కింద నూరేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించకూడదు, వ్యాపారికి లైసెన్సు ఉండాలి. బిల్లు అడిగి తీసుకున్నాను. "మా పొలంలో దొరికింది సార్" అన్నవాళ్లకు దణ్ణం పెట్టి వచ్చేయడమే. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే ప్రభుత్వానికి చెప్పాలని 1878 నుంచే చట్టం ఉంది.

ఇంటికి తెచ్చాక అసలు గండం మా అత్తగారు. "ఇంత మురికేంటి బాబూ, ఇలా ఇవ్వు, కాస్త చింతపండు పెట్టి తోమిస్తాను!" చెంబుకు సరే, నాణేనికి కాదు. పులుపు తగిలితే చిలుము పోయి ఎర్రటి రాగి బయటపడుతుంది, ధర సగం కూడా పలకదు. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, మెత్తటి బ్రష్‌తో మట్టి మాత్రమే తీశాను.

చెన్నై ఉప్పుగాలి ఇంకో శత్రువు. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే ఉప్పులోని క్లోరైడు లోపల రాగిని తినేస్తోందన్నమాట. పీవీసీ కవర్లు కూడా కాలం గడిచేకొద్దీ జిగురు కారి నాణేన్ని పాడుచేస్తాయి, మైలార్ అనే పాలియెస్టర్ కవర్లే వాడాలి. నావి తేమ పీల్చే సిలికా జెల్ వేసిన గట్టి డబ్బాలో ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాలు వెళ్లేదాకా మూత తీయను, ఎవరడిగినా ఫొటోలే చూపిస్తాను.