వలస వచ్చినవారికి వైద్యం అర్థం కావాలి, అందాలి

వలస వచ్చిన రోగి మందులు సరిగా వాడలేదని తెలియగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట ‘వాళ్లకు అవగాహన లేదు’ అన్నదే. వలస కుటుంబాలకు మాట సాయంగా ఆస్పత్రులకు వెళుతుండే నాకు ఈ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ రోగికి ఎవరు చెప్పారు, ఏ భాషలో చెప్పారు, ఎంతసేపు చెప్పారు అన్న ప్రశ్నలు ఆ ఒక్క మాటతో పక్కకు పోతాయి. ఆరోగ్య అవగాహనలో రోగి చదువు కొంత భాగమైతే, ఆస్పత్రి తన సమాచారాన్ని అందరికీ అర్థమయ్యేలా ఇస్తున్నదా లేదా అన్నది అంతకంటే పెద్ద భాగమని నేను గట్టిగా నమ్ముతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రచురించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు వంద కోట్ల మంది, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు, వలస వెళ్లినవారే. ఇంతమందికి సరిపోని ఏర్పాట్లు పెట్టుకుని లోపం వాళ్లదనడం న్యాయం కాదు.

క్షయ చికిత్సనే తీసుకుందాం. మందులకు లొంగే క్షయకు ఎక్కువ చోట్ల ఆరు నెలల చికిత్స ఇస్తారు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాతి నాలుగు నెలలు అంతకంటే తక్కువ మందులు ఉంటాయి. మొదలుపెట్టిన కొద్ది వారాలకే జ్వరం, దగ్గు తగ్గుముఖం పడతాయి, ఆకలి పుడుతుంది, మనిషి మళ్లీ పనికి పోగలుగుతాడు. రోజు కూలి మీద బతికే మనిషి అప్పుడు జబ్బు నయమైందనుకోవడంలో వింతేమీ లేదు. అంతకుముందే మరో గండం ఉంది. ఆ మందుల్లో రిఫాంపిసిన్ అనేది మూత్రాన్ని, చెమటను, కన్నీళ్లను నారింజ రంగులోకి మారుస్తుంది. దానివల్ల హాని లేదు. కానీ ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పకపోతే, మూత్రంలో రక్తం పడుతోందని హడలిపోయి మాత్రలు మానేసేవారు ఉంటారు. ‘రంగు మారుతుంది, భయపడకండి, మందు ఆపకండి’ అని రోగి భాషలో ఒక్క ముక్క చెబితే ఆ చికిత్స నిలబడుతుంది. నడుమ పని ముగిసి వేరే ఊరికో, వేరే దేశానికో తరలిపోవలసి వచ్చినప్పుడు ఇప్పటిదాకా ఏయే మందులు ఎన్నాళ్లు వాడారో రాసిన కాగితం, దారిలో సరిపడా మాత్రలు, అక్కడ ఎవరిని కలవాలన్న వివరం చేతికివ్వాలి. ఇవేవీ లేక చికిత్స తెగిపోతే జబ్బు తిరగబెట్టడమే గాక, క్రిములు మందులకు లొంగని స్థితికి చేరే ప్రమాదం ఉంది.

‘అర్థమైందా?’ అని అడిగి ఊరుకోవడం వల్ల ఉపయోగం తక్కువ. బయట పెద్ద వరుస ఉంది, డాక్టరుకు తీరిక లేదు, తనకు భాష రాదు. అలాంటప్పుడు ఎవరైనా తల ఊపుతారు. దీనికి టీచ్ బ్యాక్ అనే పద్ధతి ఉంది. ‘నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికి వెళ్లాక ఈ మాత్రలు ఎలా వేసుకుంటారో ఒకసారి చెప్పండి’ అని రోగిని అడుగుతారు. పరీక్ష రోగికి కాదు, చెప్పినవారికే. ఇలా అడిగినప్పుడే అసలు చిక్కులు బయటపడతాయి. ‘రాత్రి భోజనం తర్వాత’ అని రాసిన మాత్రను రాత్రంతా పనిచేసి తెల్లవారాక తినే మనిషి ఎప్పుడు వేసుకోవాలి? ఒక్క గదిలో పదిమంది సర్దుకుని ఉంటూ, ఫ్రిజ్ లేనివారు ఇన్సులిన్ ఎక్కడ దాచాలి? ఈ ప్రశ్నలకు జవాబు లేని చీటీ ఎంత చక్కటి చేతిరాతతో ఉన్నా సగం చీటీయే.

భాష దగ్గర నన్ను అన్నిటికంటే కలచివేసేది పిల్లల చేత దుబాసీ పని చేయించడం. బడికి పోయి కొత్త భాష నేర్చుకున్న కొడుకో కూతురో డాక్టరు గదిలో తల్లి పక్కన నిలబడి, ఆమెకు అవుతున్న రక్తస్రావం గురించి, పోయిన గర్భం గురించి మాటమాటా అటూ ఇటూ చేరవేయవలసి వస్తుంది. తల్లి సిగ్గుపడి కొంత దాస్తుంది, పిల్లవాడు తెలియక కొంత వదిలేస్తాడు, చెడు కబురైతే భయపడి మార్చి చెబుతాడు. భర్తే దుబాసీ అయినచోట ఇంట్లో దెబ్బలు తింటున్న భార్య ఆ సంగతి ఎన్నటికీ చెప్పలేదు. శిక్షణ పొందిన దుబాసీ ఉండటం సౌకర్యం కోసం కాదు, జబ్బును సరిగా గుర్తించడానికే. ఆస్ట్రేలియాలో 1973 నుంచే ఫోను ద్వారా దుబాసీ సేవ నడుస్తోంది. డాక్టరు ఫోను చేస్తే రాత్రీ పగలూ రోగి భాష తెలిసిన మనిషి దొరుకుతారు. మనిషిని గదికి రప్పించలేని చిన్న ఆస్పత్రికి కూడా ఇది సాధ్యమయ్యే పని.

అయితే అవగాహన ఎంత పెంచినా, ఆస్పత్రి గడప తొక్కడానికే భయపడేవారికి అది అక్కరకు రాదు. స్పెయిన్ 2012లో సరైన పత్రాలు లేని వలసదారులను ప్రభుత్వ వైద్యానికి దూరం చేసింది. అత్యవసర చికిత్స, ప్రసూతి, పిల్లల వైద్యం మాత్రమే మిగిల్చింది. 2018లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. జర్మనీలో పత్రాలు లేనివారికి కూడా చట్టం కొంత వైద్యం అనుమతిస్తుంది. కానీ అత్యవసరం కాని చికిత్సకు ఖర్చు మంజూరు కావాలంటే సంక్షేమ కార్యాలయానికి వెళ్లాలి, ఆ కార్యాలయమేమో ఆ మనిషి వివరాలను వలస అధికారులకు తెలియజేయాలని అదే దేశ చట్టం చెబుతుంది. కాగితం మీద హక్కు ఉన్నా, దాన్ని అడిగితే దేశం వదలాల్సి వస్తుందేమోనన్న భయంతో మనిషి నొప్పిని ఓర్చుకుంటూ ఇంట్లోనే ఉండిపోతాడు. ఇందుకు భిన్నంగా పోర్చుగల్, 2020 మార్చిలో కోవిడ్ మొదలైనప్పుడు, నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్నవారిని తాత్కాలికంగా అనుమతి ఉన్నవారితో సమానంగా చూసి వైద్యం అందించింది. ఆస్పత్రి రికార్డులు వలస అధికారుల చేతికి వెళ్లకుండా గట్టి అడ్డుగోడ ఉండాలి, ఆ సంగతిని రోగులకు వారి భాషలో ముందే చెప్పాలి. నా దృష్టిలో ఏ అవగాహన సదస్సు కన్నా ఇదే ముందు జరగాలి.

కరపత్రాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. అనువాదం బాగున్నా, సొంత భాష మాట్లాడగలిగి చదవలేనివారు చాలామంది ఉంటారు. అదే సమాచారాన్ని తమలో ఒకరి గొంతుతో రికార్డు చేసి ఫోనుకు పంపితే వింటారు, పక్కవారికి వినిపిస్తారు. థాయిలాండ్‌లో మయన్మార్ నుంచి వచ్చిన కార్మికుల నడుమ, వారి భాష మాట్లాడే వలస ఆరోగ్య వాలంటీర్లు పనిచేస్తున్నారు. టీకా ఎప్పుడు వేయించాలి, గర్భిణి ఎప్పుడు పరీక్షకు వెళ్లాలి, ఆరోగ్య బీమా ఎలా తీసుకోవాలి అన్నవి వాళ్లే ఇంటింటికీ వెళ్లి చెబుతారు. తమలాగే వలస వచ్చిన మనిషి చెప్పినప్పుడు భయం తగ్గుతుంది. కానీ ఇలాంటివారిని ఉచిత సేవకులుగా వాడుకోవడం తప్పు. శిక్షణతోపాటు వారి శ్రమకు జీతం కూడా ఇవ్వాలి.

పనివేళల సంగతీ ఇంతే ముఖ్యం. పగటిపూట మాత్రమే తెరిచే క్లినిక్‌కు వెళ్లాలంటే ఆ రోజు కూలి పోతుంది, కొన్నిచోట్ల పనే పోతుంది. వారానికి ఒకటి రెండు రోజులైనా సాయంత్రం పొద్దుపోయేదాకా తెరిచి ఉంచితే వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది. అలాగే నమోదు చేసే కౌంటరులో పేరు, వయసుతోపాటు ‘ఏ భాషలో మాట్లాడితే మీకు సులువు?’ అని అడిగి ఆ జవాబును రికార్డులో రాసుకుంటే, తర్వాతి అపాయింట్‌మెంటు నాటికి దుబాసీని సిద్ధంగా ఉంచవచ్చు. దీనికి కొత్త భవనమూ కొత్త చట్టమూ అక్కర్లేదు, నమోదు పత్రంలో ఒక గడి చేర్చి, దాన్ని తప్పకుండా నింపే బాధ్యత ఒకరికి అప్పగిస్తే సరిపోతుంది.